ఒక్క పువ్వుతో ముంగిలి నిండదు



మా వీథిలో ఈమధ్య కట్టిన ఇళ్ళ ముంగిళ్ళన్నీ ఒకే తీరున ఉన్నవి. గేటు మొదలు గుమ్మం వరకు టైల్స్. ప్రహరీగోడ వెంట అడుగు వెడల్పు మట్టి. ఆ మట్టిలో ఒకే జాతి, ఒకే ఎత్తు మొక్కలు. చూడటానికి శుభ్రంగానే ఉంటుంది గాని, దానిని తోట అనలేమని నా అభిప్రాయం.

ఈ మాట అనే అర్హతను నాకు నా తప్పిదమే ఇచ్చినది. ఉద్యోగ విరమణ చేసిన ఏడాది కడియం నర్సరీలకు వెళ్ళి, అప్పుడు విరగబూసి ఉన్న ఎర్రమందారాలు పన్నెండు తెచ్చి గోడ పొడవునా నాటాను. రెండేళ్ళు కన్నుల పండుగ. మూడవ వేసవిలో ఒక మొక్కకు పిండినల్లి పట్టినది. కొమ్మకు కొమ్మ ఆని ఉండటంచేత నెల తిరగకముందే అన్నిటికీ పాకినది. వేపనూనె చల్లాను, కొమ్మలు కత్తిరించాను. చివరకు మిగిలినవి మూడు. పూజకు పొరుగింటి పూలు అడగవలసి వచ్చిన నా భార్య ఒక్క మాటే అన్నది: “అన్నీ ఒకటే పెట్టారు. అందుకే అన్నీ ఒక్కసారే పోయాయి.”

ఆ మాట పట్టుకొని మళ్ళీ మొదలుపెట్టాను. గచ్చు మూడడుగులు పగులగొట్టించి, మట్టిని నాలుగడుగుల వెడల్పు చేయించాను. గోడ ప్రక్కన ఎత్తు పెరిగే పారిజాతం ఒకటి, నందివర్ధనాలు రెండు. నడుమ ఆ మూడు మందారాలు, మల్లె, కనకాంబరం, చంద్రకాంత. ముందంచున బిళ్ళగన్నేరు, గడ్డిగులాబి. ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు. గడ్డిగులాబి ఎండ లేనిదే విచ్చుకోదు. కనకాంబరం ఓరనీడనూ ఓర్చుకుంటుంది.

ఆపైన ఋతువులు. చలికాలంలో కత్తిరించిన మల్లె వేసవికి పూస్తుంది. తొలివానలకు చంద్రకాంత దుంపనుండి లేస్తుంది. శరత్తులో పారిజాతం తెల్లవారేసరికి నేల పరుస్తుంది. శ్రావణంలో నారు నాటిన బంతి పండుగలకు అందివస్తుంది. చలికాలం చేమంతిది. అన్నట్టు, చేమంతికి పొడవైన చీకటిరాత్రులు కావాలి. వీథిదీపం క్రింద నాటిన నా చేమంతులు మిగిలినవాటికన్న ఆలస్యంగా పూసినవి!

ఇన్ని రకాలైతే చిందరవందర కాదా అని అడుగుతారు. ఒక్కొక్కటి చొప్పున ఇరవై రకాలు గుచ్చితే చిందరవందరే. విశేషణాలన్నీ ఒకచోట పేర్చితే వాక్యం కాదని పిల్లలకు ముప్పై ఏళ్ళు చెప్పినవాణ్ణి. చిన్న మొక్కలను మూడేసి గుంపులుగా నాటి, అదే గుంపును మరికొంత దూరాన మళ్ళీ నాటితే కంటికి ఒక అన్వయం కుదురుతుంది. ఎరుపు పసుపుల నడుమ తెలుపు ఉంటే రెండూ శోభిస్తాయి.

కలిపి నాటితే తెగులు రాదని నేననను. పిండినల్లి ఇతర మొక్కలనూ పట్టగలదు. నిరుడు ఒక మందారం మళ్ళీ పోయినది కూడా. కాని ఈసారి పూజకు పూలు అడగవలసిన అవసరం రాలేదు.

కారుకు చోటు తగ్గినదని మా అబ్బాయి ఇప్పటికీ సణుగుతాడు. కారుకు పదడుగులు ఇచ్చాము నాయనా, మట్టికి నాలుగడుగులు ఎక్కువా?

మీ ముంగిట ఏమేమి పూస్తున్నవో తెలియజేయగలరు.