కఫీలు పేరిట కొట్టు

సౌదీకి జీవనోపాధికై తరలిన మన సోదరులలో కొందరు, నాలుగు రియాళ్లు కూడగానే అక్కడే చిన్న కొట్టు తెరుస్తున్నారు. పెట్టుబడి, శ్రమ వీరివి. లైసెన్సు మాత్రం కఫీలుది. నెలకింతని అతనికి ముట్టజెబితే చాలునని వీరి నమ్మకం.

దీనినే అక్కడ ‘తసత్తుర్’ అంటారు. 2020 నాటి చట్టం ప్రకారం 5 సంవత్సరాల వరకు జైలు, 50 లక్షల రియాళ్ల వరకు జరిమానా, ఆపై దేశ బహిష్కరణ. అంత దూరం పోకున్నా, కఫీలు కన్నుమూసి వారసులు కొట్టు తమదంటే, ఇల్లాలి నగలమ్మి పెట్టిన సొమ్ముకు ఏ కాగితం సాక్ష్యం? అప్పును వ్రాసుకొమ్మని సూరా బఖరా 282వ ఆయత్ ఆదేశిస్తుండగా, మనం వ్రాయ వీలుకాని ఒప్పందాలకే దిగుతున్నాము.

పెట్టుబడుల మంత్రిత్వ శాఖ వద్ద నమోదై స్వంత పేరిట వ్యాపారం చేసే మార్గం ఉన్నది. ఖర్చు ఎక్కువే. అంత స్తోమత లేనినాడు ఆ నగలు ఇంటనే ఉండుట మేలని మేము భావిస్తున్నాము.