తెర నల్లబడితే తెలుగును తుడిచివేయకండి



మన బడులలో ఒక దురాచారం పాతుకొనిపోయింది. తెలుగు తరగతికి ఇచ్చిన కంప్యూటరు ఒకనాడు నల్లటి తెరతో మొరాయిస్తే, కారణమేమిటని విచారించేవారు ఉండరు. "లినక్సు వేశారు గదా, అందుకే" అని ఒకరు, "తెలుగు ఎక్కించారు గదా, అందుకే" అని మరొకరు తీర్పు చెప్పేస్తారు. సాయంత్రానికి బజారు నుండి మరమ్మతు చేసే అబ్బాయి వస్తాడు. డిస్కును ఫార్మాటు చేస్తాడు. లైసెన్సు లేని విండోసు ప్రతి ఒకటి ఎక్కించి, కూలి పుచ్చుకొని వెళ్తాడు. రోగమేమిటో అతడు చెప్పడు, మనమూ అడగము. ఇది మరమ్మతు కాదు. విచారణ లేకుండా విధించిన శిక్ష.

శిక్ష పడేది ఎవరికో ఆలోచించండి. బడి కార్యాలయంలోని కంప్యూటరును ఇలా ఎవరూ తుడిచివేయరు. అందులో జీతాల లెక్కలుంటాయి, హాజరు పట్టికలుంటాయి. తెలుగు తరగతి పెట్టెలో ఏముంటుంది? మనం స్వయంగా టైపు చేసుకొన్న ప్రశ్నపత్రాలు, పొరుగు రాష్ట్రపు పిల్లలకు సరిపడేలా దిద్దుకొన్న పాఠాలు, మన పిల్లలు తమ అవ్వల దగ్గర, తాతల దగ్గర కూర్చొని వ్రాసుకొచ్చిన పాటలు, సామెతలు, ఊరి మాటలు. ఇవి ఏ అచ్చు పుస్తకంలోనూ లేవు. పోతే మళ్ళీ తెచ్చుకొనే చోటు లేదు. కొన్ని చెప్పిన నోళ్ళు కూడా ఇప్పుడు లేవు.

నేనెరిగిన ఒక బడిలో మూడేళ్ళ పాటు పిల్లలు కూడబెట్టిన ఇటువంటి సేకరణ ఒక్క సాయంత్రంలో మాయమయింది. కొత్తగా విండోసు ఎక్కించిన పదో రోజున అదే తెర అదే విధంగా మళ్ళీ నల్లబడింది. అప్పుడు పెట్టె విప్పి చూస్తే, గ్రాఫిక్స్ కార్డు మీది పంకా దుమ్ముతో బిగుసుకొనిపోయి తిరగడం మానేసింది. కార్డు వేడెక్కి ఆగిపోతున్నది. ఆ దుమ్ముకు లినక్సని, విండోసని తేడా ఉంటుందా? తెలుగు తెలుసా, ఇంగ్లీషు తెలుసా? ఒక మెత్తని కుంచెతో తీరవలసిన పనికి మూడేళ్ళ శ్రమ బలి అయింది.

పిల్లవాడు ఒత్తు తప్పు వ్రాస్తే మనం నోటుపుస్తకం చించి పారేయము. ఏ అక్షరం దగ్గర తప్పాడో చూస్తాము. తెలియక తప్పాడా, తొందరలో తప్పాడా, పక్కవాడిది చూసి తప్పాడా అని కనుక్కొంటాము. కంప్యూటరు దగ్గర మాత్రం ఆ బుద్ధి మనకెందుకు ఉండదు?

"మేము భాషోపాధ్యాయులం, ఈ యంత్రాల గొడవ మాకెందుకు?" అనేవారు ఉన్నారు. ఇది సాంకేతిక విద్వాంసుల పని కాదు, చూసి చదవగలవారి పని. వరుసగా చెబుతాను, గమనించండి.

మొదట తేల్చుకోవలసినది: ఆగిపోయినది యంత్రమంతానా, లేక తెర మీది బొమ్మ మాత్రమేనా? కీబోర్డు మీద క్యాప్స్ లాక్ మీట నొక్కండి. దాని దీపం వెలిగి ఆరుతూ ఉంటే లోపల ప్రాణమున్నదన్నమాట. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు మూడూ కలిపి నొక్కండి. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో మీ పేరు అడిగితే, వ్యవస్థ సుఖంగా ఉన్నది, చెడినది డెస్కుటాపు మాత్రమే. ఏ జవాబూ లేకపోతే, ఆల్ట్ మీటనూ ప్రింట్ స్క్రీన్ మీటనూ పట్టుకొని ఎస్, యు, బి అక్షరాలను ఒక్కొక్కటే తెరిపి ఇచ్చి నొక్కండి. ఉబుంటు వంటి వ్యవస్థలలో ఇది పెండింగు వ్రాతలను డిస్కులో భద్రపరచి యంత్రాన్ని తిరిగి లేపుతుంది. కరెంటు తీగ పీకడం కన్న ఇది ఎంతో మేలు.

రెండవది: తిరిగి లేచిన తరువాత, కిందటిసారి ఏం జరిగిందో యంత్రాన్నే అడగండి. లినక్సు తన దినచర్యను తానే వ్రాసుకొంటుంది. టెర్మినలు తెరచి 'జర్నల్‌సీటీఎల్' అనే ఆదేశాన్ని, పక్కన మైనస్ బి, మైనస్ ఒకటి అని చేర్చి ఇస్తే, సాధారణంగా పోయిన విడత చిట్టా అంతా చదివి వినిపిస్తుంది. అందులో చివరి పుటలు చూడండి. జ్ఞాపకశక్తి చాలక ఫలానా పనిని చంపివేశానని ఉంటే, గ్రాఫిక్సు దోషమే కాదది. పాత పెట్టెలో రెండు జీబీ ర్యామ్ మీద ఇరవై బ్రౌజరు పుటలు తెరచిన మన దోషం. 'జీపీయూ హ్యాంగ్' అని ఉంటే గ్రాఫిక్సు వైపు చూడాలి. ఎన్విడియా కార్డయితే 'ఎక్స్ఐడీ' అనే మాట పక్కన ఒక అంకె ఉంటుంది. దానిని కాగితం మీద వ్రాసుకోండి, తెలిసినవారిని అడిగేటప్పుడు అదే మీ సాక్ష్యం.

మూడవది: ఏ కార్డుకు ఏ డ్రైవరు పని చేస్తున్నదో చూడండి. 'ఎల్‌ఎస్‌పీసీఐ' ఆదేశానికి మైనస్ కె చేర్చితే చెబుతుంది. 'జీఎల్ఎక్స్ఇన్ఫో' చూపే వివరాలలో రెండరర్ అన్న చోట 'ఎల్ఎల్‌వీఎంపైప్' అని కనిపిస్తే, గ్రాఫిక్సు చిప్పు పని చేయడం లేదు, దాని బరువంతా ప్రాసెసరే మోస్తున్నదని అర్థం. కిటికీలు నత్తల్లా కదలడానికి కారణం అదే.

నాలుగవది: అప్‌డేటు తరువాత తెర రాకుండా పోయిందా? యంత్రం లేచేటప్పుడు షిఫ్టు గాని ఎస్కేప్ గాని నొక్కి గ్రబ్ పట్టికను తెప్పించి, అధునాతన ఎంపికలలో పాత కెర్నలును ఎంచుకోండి. దానితో తెర వస్తే, కొత్త కెర్నలుకు డ్రైవరు జత కుదరలేదని తేలిపోయింది. అదీ కుదరకపోతే అదే పట్టికలో ఇ అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే పంక్తి చివర 'నోమోడ్‌సెట్' అని చేర్చి, ఎఫ్10 నొక్కండి. తెర ముతకగా వస్తుంది, కాని వస్తుంది. ఇది ఊతకర్ర మాత్రమే. దానితో నిలబడి సరియైన డ్రైవరు వేసుకొన్నాక తీసివేయాలి.

అయిదవది: సంకేతపదం సరిగ్గా ఇచ్చినా మళ్ళీ ప్రవేశద్వారానికే తిప్పి పంపుతున్నదా? 'డీఎఫ్' ఆదేశంతో డిస్కులో చోటున్నదో లేదో చూడండి. పిల్లలు దింపుకొన్న వీడియోలతో డిస్కు నిండిపోతే డెస్కుటాపుకు కాలు పెట్టే జాగా ఉండదు. కొత్త వాడుకరి ఖాతా ఒకటి తెరచి చూడండి. అందులో సవ్యంగా నడిస్తే దోషం పాత ఖాతా అమరికలలో ఉన్నది గాని యంత్రంలో లేదు. ప్రవేశించేటప్పుడు పళ్ళచక్రం గుర్తు నొక్కి వేలాండ్ బదులు ఎక్స్11 ఎంచుకొనే వీలుంటే, అదీ పరీక్షించండి.

ఆరవది తెలుగువారికి ప్రత్యేకం. అక్షరాలు విడిపోయి కనిపించడం, ఒత్తు పక్కకు జరగడం, చుక్కల సున్న రావడం, ఇవేవీ గ్రాఫిక్సు జబ్బులు కావు. తగిన ఖతి లేకపోవడమో, యూనికోడు కాని పాత డీటీపీ ఖతులతో చేసిన ఫైలు తెరవడమో కారణం. తెలుగుకు యూనికోడులో చోటు 1991 లోనే దక్కింది. పోతన, వేమన, లోహిత్, నోటో ఖతులు లినక్సులో ఉచితంగా దొరుకుతాయి. ఖతి లేని లోటును కార్డు మీద రుద్దడం, కళ్ళజోడు మరచి వచ్చి పుస్తకాన్ని తిట్టడం వంటిది.

ఇక వాదనలకు వస్తాను.

"లినక్సులో ఏ లోపమూ రాదు" అని ప్రచారం చేసే మిత్రులతో కూడా నాకు పేచీ ఉన్నది. లోపాలు వస్తాయి. గ్రాఫిక్సులో మరీ ఎక్కువగా వస్తాయి. ఎన్విడియా సంస్థ తన కార్డుల మర్మాలను ఏళ్ళ తరబడి బయటపెట్టలేదు. నూవో అనే డ్రైవరును స్వచ్ఛంద సేవకులు ఆ కార్డుల ప్రవర్తనను పరిశీలించి, ఊహించి వ్రాసుకోవలసి వచ్చింది. 2012లో ఫిన్లాండులోని ఒక సభలో లినస్ టోర్వాల్డ్స్ ఆ సంస్థను బాహాటంగా దూషించింది ఇందుకే. 2022లో ఆ సంస్థ కెర్నల్ భాగాన్ని బహిరంగ మూలంగా విడుదల చేసినా, అది ట్యూరింగ్ తరం నుండి వచ్చిన కార్డులకే. మన బడులకు దానంగా వచ్చే పాత పెట్టెలలో ఫెర్మీ, కెప్లర్ తరాల కార్డులుంటాయి. ఫెర్మీకి ఆధారమైన 390 వరుస డ్రైవరుకు 2022తో, కెప్లర్‌కు ఆధారమైన 470 వరుసకు 2024తో సంస్థ మద్దతు తీరిపోయింది. అటువంటి కార్డున్న పెట్టెలో, మదర్‌బోర్డు మీదనే ఇంటెల్ గ్రాఫిక్సు ఉంటే, కార్డు పీకివేసి తెర తీగను దానికి తగిలించండి. పాఠాలు టైపు చేయడానికి అంతకు మించి ఏమీ అక్కరలేదు. ఈ నిజం ముందే చెప్పకుండా "అంతా బాగుంటుంది" అని ఎక్కించి వెళ్ళినవారి వల్లనే మొదటి తెర నల్లబడగానే జనానికి విశ్వాసం పోతున్నది.

"విండోసు వేస్తే ఏ బాధా లేదు గదా" అనేవారికి: విండోసు 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోసు 11కు టీపీఎం 2.0 చిప్పు కావాలి. ఇంటెల్ ప్రాసెసరయితే సాధారణంగా ఎనిమిదో తరమో ఆపైదో ఉండాలి. మన తరగతిలోని పెట్టెలలో అవి ఎన్నింటికి ఉన్నాయి? ఇక దొంగ ప్రతి సంగతి. ప్రశ్నపత్రం చూసి వ్రాయడం తప్పని ఉదయం పాఠం చెప్పి, మధ్యాహ్నం దొంగ సాఫ్టువేరు ముందు పిల్లలను కూర్చోబెట్టడం ఏ నీతి? విండోసులో తెలుగు లేదని నేననడం లేదు, ఉన్నది. కాని తుడిచివేసి వెళ్ళిన వ్యక్తి తెలుగు కీబోర్డు అమర్చి వెళ్ళడు. నెల తిరిగేసరికి పిల్లలు తెలుగును ఇంగ్లీషు లిపిలో వ్రాస్తుంటారు. మన పోరాటమంతా ఏ లిపి కోసమో మరచిపోకండి.

"పేదబడికి పేద సాఫ్టువేరు" అని నొసలు చిట్లించే తల్లిదండ్రులకు ఒక్క మాట. కేరళలో 2001లో ఐటీ ఎట్ స్కూల్‌గా మొదలై 2017లో కైట్ అనే సంస్థగా మారిన ప్రభుత్వ పథకం, బడులను లినక్సు మీదనే నడిపిస్తున్నది. అక్కడ నిలబడినది యంత్రాల ఖరీదు మీద కాదు. లక్షలాది పిల్లలకు చెప్పే ఉపాధ్యాయులకు ముందుగా శిక్షణ ఇచ్చారు, అందువల్ల. మనకు అటువంటి ప్రభుత్వ అండ లేదు. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించాలని 1956 నుండి చెబుతున్నది. చెప్పినంత మాత్రాన ఎవరూ వచ్చి మన తెర వెలిగించలేదు. అండ లేనివాడికి విద్యే అండ.

కనుక నా కోరికలు ఇవి. ఉపాధ్యాయులారా, డిస్కును తుడిచే అనుమతి మీ సంతకం లేకుండా ఎవరికీ ఇవ్వకండి. తెర పోయినంత మాత్రాన ఫైళ్ళు పోవు. లినక్సు లైవ్ యూఎస్‌బీ ఒకటి బడి బీరువాలో ఎప్పుడూ ఉంచండి. దానితో యంత్రాన్ని లేపి, పిల్లల వ్రాతలను మరొక పెన్‌డ్రైవులోకి తీసుకొన్న తరువాతనే ఏ మరమ్మతయినా. పెట్టె పక్కన ఒక నోటుపుస్తకం వ్రేలాడదీయండి. ఏ తేదీన ఏం జరిగింది, తెర మీద ఏ మాటలు వచ్చాయి, ఏం చేస్తే బాగయింది అని తెలుగులో పిల్లల చేతనే వ్రాయించండి. అంతకన్న మంచి వ్యాసరచన అభ్యాసం మరొకటి లేదు. ఏడాదికి రెండుసార్లు పెట్టె మూత తీసి దుమ్ము దులపండి.

తల్లిదండ్రులారా, మరమ్మతుకు వచ్చిన వ్యక్తిని ఒక్క ప్రశ్న అడగండి: "ఎందువల్ల చెడింది?" జవాబు చెప్పలేనివాడి చేతికి మీ పిల్లల వ్రాతలు అప్పగించకండి.

కొత్త కార్డు బజారులో దొరుకుతుంది, కొత్త డిస్కు దొరుకుతుంది. అవ్వ చెప్పగా పిల్లవాడు వ్రాసుకొన్న పాట దొరకదు.