మూడు పైసల శుద్ధి

2025 జనవరి 1 రాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి పన్నెండు కంటైనర్ లారీలు పోలీసు పహారాలో బయలుదేరాయి. వాటిలో ఉన్నవి 337 టన్నుల విష వ్యర్థాలు. గమ్యం 250 కిలోమీటర్ల దూరంలోని పీథంపూర్. రెండు రోజులకే అక్కడ ఆందోళన చెలరేగింది. ఇద్దరు ఒంటికి నిప్పంటించుకుని గాయపడ్డారు. అయినా జూన్ నెలాఖరుకు ఆ సరుకంతా దహనయంత్రంలో కాలిపోయింది. నలభై ఏళ్ల కళంకం తుడిచిపెట్టుకుపోయిందని పాలకులు ఊపిరి పీల్చుకున్నారు.

తుడిచిపెట్టుకుపోయిందేమిటి? ఆ 337 టన్నులూ ఆవరణలో అక్కడక్కడా ఏరి, మూటగట్టి, ఏళ్ల తరబడి షెడ్డులో దాచిన సరుకు మాత్రమే. నాగపూర్‌లోని నీరీ, హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కలిసి 2010లో ఇచ్చిన అంచనా ప్రకారం అక్కడ కలుషితమైన మట్టి దాదాపు 11 లక్షల టన్నులు. అంటే వంద రూపాయల అప్పులో మూడు పైసలు తీరాయి. ఆ మూడు పైసలు కూడా పూర్తిగా తీరలేదు. కాల్చగా మిగిలిన బూడిదను ఎక్కడో ఒకచోట పాతిపెట్టి, తరాల పాటు కాపలా కాయాల్సిందే.

భోపాల్ విషాదం అనగానే 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి గుర్తుకు వస్తుంది. మట్టి కథ అంతకన్నా పాతది. కర్మాగారం తన ద్రవ వ్యర్థాలను ఆరబెట్టేందుకు 1977లో పెద్ద చెరువులు తవ్వుకుంది. వాటి అడుగున పరచిన ప్లాస్టిక్ పొర కారుతున్నదని గ్యాస్ లీకుకు ముందే కంపెనీకి తెలుసు. గాలిలో కలిసిన విషం ఒక రాత్రి చంపింది. నేలలో ఇంకిన విషం అటల్ అయ్యూబ్ నగర్, బ్లూమూన్ కాలనీ వంటి బస్తీల చేతిపంపుల్లోకి చేరింది. ఆ బస్తీలకు శుభ్రమైన నీరు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లో ఆదేశించాల్సి వచ్చింది. ఆ రాత్రికి పుట్టనివారు కూడా ఈ రెండో విషానికి బాధితులే. 1989 నాటి 47 కోట్ల డాలర్ల రాజీ ఒప్పందం మొదటి విషానికి కట్టిన వెల. రెండోదాని మాట అందులో లేదు.

ఇప్పుడు ఆ నేలను ఏం చేయాలన్న చర్చ సాగుతోంది. స్మారక చిహ్నం అన్న ప్రతిపాదన చాలాకాలంగా ఉన్నదే. వినడానికి అది ఉదాత్తంగానే ఉంటుంది. మెలిక ఒకటుంది. ఒక నేలను రేపు దేనికి వాడతారన్నదే దాన్ని ఈరోజు ఎంతవరకు శుభ్రం చేయాలో నిర్ణయిస్తుంది. పిల్లలు మట్టిలో ఆడుకునే చోటుకు ఒక ప్రమాణం, సిమెంటు పరిచి కంచె వేసే చోటుకు మరొకటి. ఉపయోగాన్ని తగ్గించి రాస్తే ఖర్చు తగ్గుతుంది. కొడైకెనాల్‌లో 2001లో మూతపడిన థర్మామీటర్ల కర్మాగారం విషయంలో జరిగిన సుదీర్ఘ వివాదమూ ఇదే: కిలో మట్టిలో 20 మిల్లీగ్రాముల పాదరసం మిగిలితే చాలునా? పక్కనే పాంబార్ షోలా అడవి ఉన్నప్పుడు అది చాలదని స్థానికులు, పర్యావరణ కార్యకర్తలు వాదించారు. అంకె చిన్నదే, దాని వెనుక ఉన్నది కోట్ల రూపాయల తేడా.

2025 జులైలో కేంద్రం కలుషిత ప్రదేశాల నిర్వహణకు తొలిసారిగా ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఆహ్వానించవలసిందే. దేశంలో గుర్తించిన 103 ప్రదేశాల్లో ఏడింటిలోనే పని మొదలైందన్న వాస్తవం ముందు అది ఆలస్యమే అయినా అవసరం. పరిశీలనకు, కాలుష్య కారకుని గుర్తింపుకు తొంభై రోజుల చొప్పున గడువులు పెట్టారు. శుద్ధి ఎప్పటికి పూర్తికావాలో మాత్రం గడువు లేదు. గడువు లేని బాధ్యత ఎలా సాగుతుందో రాజస్థాన్‌లోని బిఛ్‌డీ గ్రామాన్ని అడగాలి. హెచ్-యాసిడ్ తయారీ అక్కడి బావులను పాడుచేసింది. తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి 1996లో రాసిన తీర్పు, చెరిచినవాడే చెల్లించాలన్న సూత్రాన్ని దేశానికి ఇచ్చింది. సూత్రం పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. 37 కోట్ల పైచిలుకు సొమ్ము మాత్రం కదలలేదు. పదిహేనేళ్ల తర్వాత, 2011లో, చక్రవడ్డీతో కట్టమని అదే న్యాయస్థానం మళ్లీ చెప్పవలసి వచ్చింది.

అమెరికాలో లవ్ కెనాల్ ఉదంతం తర్వాత 1980లో సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. 1986 సవరణతో దానికి ఒక మంచి అలవాటు అబ్బింది: కలుషిత స్థలం పక్కన నివసించేవారు తమ తరఫున సొంత నిపుణుణ్ణి పెట్టుకునేందుకు ప్రభుత్వమే సొమ్ము ఇస్తుంది. కంపెనీ నివేదికనూ అధికారి నివేదికనూ వాళ్ల నిపుణుడు చదివి, ఏది తప్పో చెబుతాడు. భోపాల్ బస్తీలకు అటువంటి సదుపాయం ఇవ్వడానికి పెద్ద ఖజానా అక్కరలేదు. 337 టన్నులను తరలించి కాల్చడానికే 126 కోట్ల రూపాయలు కేటాయించిన దేశమిది. స్మారకం నమూనా గీసే వాస్తుశిల్పి కంటే ముందు, బ్లూమూన్ కాలనీ వారు ఎంచుకున్న భూగర్భజల నిపుణుడు ఆ గేటు లోపలికి వెళ్లాలి. అతని నివేదిక హిందీలో అచ్చయి బస్తీల్లో అందరికీ అందేవరకూ ఆ నేలపై ఒక్క పునాదిరాయి కూడా పడకూడదు.