కంప్యూటర్ పెట్టెకు స్క్రూలు ఎందుకున్నాయి?

మీ బడిలో కంప్యూటర్ గది ఉందా? ఉంటే, ఓ మూల గుడ్డ కప్పుకుని మూలనపడ్డ కంప్యూటర్ ఒకటైనా ఉండే ఉంటుంది. "అది పాడైంది, ముట్టుకోకండి" అని మీతో చెప్పే ఉంటారు. ఎందుకు ముట్టుకోకూడదని నా ప్రశ్న. సైకిలు చైను ఊడితే మీరే ఎక్కించుకుంటారు. టార్చిలైటు వెలగకపోతే సెల్లులు తీసి చూస్తారు. కంప్యూటర్ దగ్గర మాత్రం చేతులు కట్టుకుని నిలబడాలా?

ఒక జబ్బు సంగతి చూద్దాం. కంప్యూటర్ వేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. సరిచేసినా మర్నాడు మళ్లీ అంతే. పైగా ఇంటర్నెట్‌లో చాలా పేజీలు తెరుచుకోవు. "వైరస్ వచ్చింది" అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. వైరస్సూ లేదు, గియిరస్సూ లేదు! కరెంటు లేనప్పుడు కూడా కంప్యూటర్‌లోని గడియారం నడవాలి కదా. అందుకోసం మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత లిథియం సెల్లు ఒకటి ఉంటుంది. చాలా కంప్యూటర్లలో దాని పేరు సి.ఆర్. 2032. ఆ అంకెల్లోనే దాని కొలతలున్నాయి: వ్యాసం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు. ఇచ్చేది 3 వోల్టులు. కొన్నేళ్లకు అది అయిపోతే గడియారం తేదీని మరిచిపోతుంది.

మరి ఇంటర్నెట్ పేజీలకేమైంది? భద్రత గల వెబ్‌సైట్లు తమ గుర్తింపు పత్రాన్ని చూపిస్తాయి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే అది చెల్లుతుంది. మీ కంప్యూటర్ ఇంకా 2009లోనే ఉన్నాననుకుంటే, ఆ పత్రం దాని లెక్కలో పుట్టనే లేదు. ఇక నమ్మేదెలా? వాచీలు బాగుచేసే దుకాణంలో ఈ సెల్లు దొరుకుతుంది. మార్చడం రెండు నిమిషాల పని. పాత సెల్లును మాత్రం చిన్నపిల్లలకు అందనీయకండి. మింగితే గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేస్తుంది.

తెర మీద ఏమీ రాకుండా కంప్యూటర్ కీచుకీచుమంటుంటే చాలాసార్లు దోషం ర్యామ్ పట్టీది. దాన్ని ఊడదీసి, పసుపుపచ్చని అంచును మెత్తని రబ్బరుతో తేలికగా తుడిచి, టక్కుమనేలా మళ్లీ బిగించాలి. ముందుగా పెట్టె ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి. ఒంట్లో చేరిన స్థిరవిద్యుత్తు పోతుంది.

మన వరంగల్ ఎండలు మీకు తెలియనివి కావు. మే నెలలో కంప్యూటర్ దానంతటదే ఆగిపోతుంటే, ప్రాసెసర్ మీది ఫ్యాను దుమ్ముతో నిండిందేమో చూడండి. వేడి మితిమీరితే అది తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని బ్రష్షుతో దులపండి.

ఇవన్నీ ప్లగ్గు పీకేశాకే, టీచరుగారు పక్కన ఉండగానే చేయాలి. ఒక్క చోట మాత్రం నేను భయపెట్టే వాళ్ల పక్షమే. కరెంటు తీగ వచ్చి చేరే ఇనుప డబ్బాను ఎన్నడూ విప్పకండి. 230 వోల్టుల ఏ.సి. కరెంటు అందులో దాదాపు 325 వోల్టుల డి.సి.గా మారుతుంది. ప్లగ్గు తీసినా కొంతసేపు కెపాసిటర్లలో అది నిలిచే ఉంటుంది.

విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 చాలా పాత యంత్రాలను ఒప్పుకోదు. అంతమాత్రాన వాటిని తుక్కుకు వేస్తారా? సీసం, రాగి, ప్లాస్టిక్ కలిసిన ఆ తుక్కును తగలబెడితే వచ్చే విషపు పొగ ఎవరు పీల్చాలి? 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్‌లో పాత యంత్రాలకు సరిపోయే తేలిక రకాలున్నాయి. డబ్బు కట్టనక్కరలేదు. దానిమీద లిబ్రె ఆఫీస్‌తో తెలుగులో వ్యాసాలు రాసుకోవచ్చు, జియోజిబ్రాతో జామెట్రీ గీసుకోవచ్చు.

1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల, నేటి నిట్, మన ఊళ్లోనే ఉంది. ఇంజనీర్లను తయారుచేసే ఊళ్లో బడిపిల్లలు స్క్రూడ్రైవరు పట్టకూడదనడం నాకు వింతగా తోస్తుంది. "స్టాక్ రిజిస్టరులో రాసి ఉంది, ఏమైనా అయితే జవాబుదారీ ఎవరు?" అంటారు టీచర్లు. ఆ చిక్కు నిజమైనదే, వాళ్లను తప్పుపట్టలేం. కానీ పనికిరాదని తేల్చిన యంత్రం ఒకటి ఉంటుంది కదా? హెడ్మాస్టరుగారి అనుమతితో దాన్నే అడగండి. తీసిన స్క్రూలు దొర్లిపోకుండా ఓ సీసా మూతలో వేసుకోండి. ఏది ఎక్కడి నుంచి ఊడదీశారో ముందే నోటుపుస్తకంలో బొమ్మ గీసుకోండి.