మందు మాన్పించే కేంద్రాలపై నిఘా ఎవరిది?

తడ: తాగుడుకు బానిసైన మనిషిని నచ్చజెప్పి మందు మాన్పించే కేంద్రంలో చేర్చడం ఒక ఎత్తు. చేర్చిన తరువాత ఆ నాలుగు గోడల మధ్య అతనికి ఏమి జరుగుతున్నదో తెలుసుకోవడం మరొక ఎత్తు. మొదటి పనికి చుట్టాలు, ఇరుగుపొరుగు, ఊరి పెద్దలు అందరూ ముందుకు వస్తారు. రెండవది ఎవరి పనీ కాకుండా మిగిలిపోతున్నది.

తడ వంటి సరిహద్దు ప్రాంతానికి ఈ చిక్కు మరింత ఎక్కువ. పులికాట్ సరస్సును నమ్ముకున్న జాలరులు, శ్రీసిటీ కర్మాగారాలకు వెళ్లే కార్మికులు, జాతీయ రహదారిపై లారీలు నడిపేవారు ఇక్కడి జనం. పెద్ద వైద్యం కావలసి వస్తే వీరికి ముందు గుర్తుకు వచ్చేది లోకల్ రైలెక్కి చేరగల చెన్నై. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉన్న తడ మండలం 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరింది. ఫిర్యాదు చేయాలంటే నెల్లూరా, తిరుపతా, చెన్నైయా అని సామాన్యుడు తడబడక తప్పదు.

వైద్యుడు లేకపోతే ప్రాణగండం

ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే శరీరం తట్టుకోలేదు. మొదటి రోజునుంచే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర ఉండదు. కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, మాట తప్పడం మొదలైతే అది ప్రాణాపాయ స్థితి. ఆ దశలో డాక్టరు, మందులు, విటమిన్ ఇంజెక్షన్లు అవసరం. గదిలో పెట్టి తాళం వేస్తే తిక్క కుదురుతుందనుకోవడం మనిషిని చేజేతులా పోగొట్టుకోవడమే.

కట్టి ఉంచడంవల్ల ఎంత ఘోరం జరుగుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి చూపించింది. రామనాథపురం జిల్లాలోని ఆ ఊరిలో మానసిక రోగులను ఉంచిన ఒక ప్రైవేటు ఆశ్రమం తగలబడినప్పుడు గొలుసులతో కట్టివేసి ఉన్న 28 మంది తప్పించుకోలేక కాలిపోయారు. ఆ తరువాతనే దేశం ఇటువంటి ఆశ్రమాల తీరును పట్టించుకున్నది.

చట్టం ఏమంటున్నది?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి, 2018 మే 29 నుండి అమలులో ఉన్నది. తాగుడు, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులు కూడా ఈ చట్టం కిందికే వస్తాయి. కనుక అటువంటి రోగులను ఉంచుకుని చికిత్స గాని, సంరక్షణ గాని చేసే చోటు ఏదైనా అది చట్టం దృష్టిలో వైద్యసంస్థే. బయట ‘హోం’ అని బోర్డు పెట్టినా, ‘ఆశ్రమం’ అని పెట్టినా తేడా లేదు. రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీ వద్ద రిజిస్టరు కావలసిందే.

తనంతట తాను చేరిన మనిషి వెళ్లిపోతానంటే పంపించాలి. డాక్టరుకు అనుమానం ఉంటే పరీక్ష నిమిత్తం 24 గంటలు మాత్రం ఆపవచ్చు. తన సంగతి తాను తేల్చుకోలేని స్థితిలో ఉన్నవాణ్ణి చేర్చాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. వారిలో ఒకరు మానసిక వైద్యుడై ఉండాలి. ఆ చేరిక మొదట 30 రోజులకు మించరాదు. పురుషుడైతే ఏడు రోజుల్లో, స్త్రీ అయితే మూడు రోజుల్లో మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు తెలియజేయాలి. గొలుసుతో కట్టడం పూర్తిగా నిషిద్ధం. బలవంతంగా గుండు కొట్టించరాదు, చాకిరీ చేయించరాదు. ఇంటివారితో మాట్లాడే హక్కు రోగికి ఉన్నది.

ఇది కేంద్ర చట్టం. ఆరంబాకం దాటి తమిళనాడులో చేరినా ఈ హక్కులు మారవు. మారేది ఫిర్యాదు వినే బోర్డు ఒక్కటే. కేంద్రం ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు బోర్డుకే చెప్పుకోవాలి. అందుకు రుసుము లేదు.

లోపం ఎక్కడ?

చట్టం గట్టిదే, శిక్ష మాత్రం పలచన. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి జరిమానా 5,000 నుండి 50,000 రూపాయల వరకు. రెండవసారి 2 లక్షలు, ఆపైన 5 లక్షల వరకు. అది కూడా ఎవరైనా పట్టుకుంటేనే. మూడేళ్లకొకసారి తనిఖీ జరగాలని చట్టంలో ఉన్నా, రిజిస్టరే కాని చోటుకు తనిఖీ అధికారి వెళ్లే ప్రశ్న లేదు. ఇక సంగతి బయటపడితే పరువు పోతుందని కుటుంబాలు గుట్టుగా ఉంచుతాయి. ఆ గుట్టే చెడ్డ కేంద్రాలకు రక్ష.

కనుక నిఘా ఊరినుంచే మొదలు కావాలి. మనిషిని వాహనం ఎక్కించే ముందు పంచాయతీ పెద్దలు, పొదుపు సంఘాల మహిళలు నాలుగు సంగతులు అడగవచ్చు. రిజిస్ట్రేషన్ కాగితం ఉన్నదా? డాక్టరు ఎవరు, ఏ వేళల్లో ఉంటారు? ఎన్ని రోజులు, ఎంత ఖర్చు? ఇంటివారు ఎప్పుడు చూడవచ్చు? వీటికి సూటిగా జవాబు రాని చోటుకు మనిషిని పంపరాదు. ఎవరు ఎక్కడ చేరారో, ఎప్పుడు రావాలో ఆరోగ్య కార్యకర్త ఒక పుస్తకంలో గుట్టుగా రాసి ఉంచుకుంటే గడువు దాటిన రోజున అడిగే దిక్కు ఉంటుంది. మత్తుపదార్థాల నివారణకు కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ ముందు ఈ విషయం పెట్టడం ప్రజాప్రతినిధుల బాధ్యత. రిజిస్టరైన కేంద్రాల జాబితా ప్రతి పంచాయతీ గోడమీద ఉండాలని వారు పట్టుబట్టాలి. జరిమానా లేకుండానే దొంగ కేంద్రాలకు దారి మూసే పని అది.

రివ్యూ బోర్డులో జిల్లా జడ్జి స్థాయి అధ్యక్షుడు, కలెక్టరు ప్రతినిధి, వైద్యులు ఉంటారు. వారితోపాటు రోగులకో, వారిని చూసుకునే వారికో, స్వచ్ఛంద సంస్థలకో రెండు స్థానాలు ఉన్నాయి. కష్టం తెలిసినవారు తీర్పులో కూర్చునే అవకాశం చట్టమే ఇచ్చింది.

ప్రైవేటు తలుపు తట్టకముందు ప్రభుత్వ దారి చూడాలి. 2020లో రాష్ట్రంలో ప్రభుత్వాసుపత్రులకు అనుబంధంగా 15 వ్యసన విముక్తి కేంద్రాలు ప్రారంభమయ్యాయి. సలహాకు 14446, మనోవ్యథకు 14416 నెంబర్లకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

నెల్లూరు జిల్లాకు ఈ విషయంలో ఒక చరిత్ర ఉన్నది. చదువు నేర్చుకుంటూ దూబగుంట మహిళలు రోశమ్మ ముందు నడువగా 1992లో సారాపై తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషిద్ధమైంది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్లకే సడలిపోయింది. షాపులు మళ్లీ వచ్చాయి, బానిసలూ మిగిలారు. ఆనాడు సారా కొట్టు ముందు నిలబడి అడిగిన ప్రశ్నను ఈనాడు మందు మాన్పించే కేంద్రం గేటు ముందు అడగవలసి ఉన్నది. లోపల ఉన్నది పరాయివాడు కాదు, ఊరి మనిషే.