ఆరేండ్ల దవడ పన్నుకు కాపలా ఏది?

పిల్లలకు ఆరేండ్లు వచ్చేసరికి నోట్లో నాలుగు కొత్త పండ్లు మొలుస్తాయి. ఇంట్లో చాలామంది వాటిని గమనించరు. ముందు పన్ను ఊడి కొత్తది వస్తే పిల్లలే పరుగెత్తుకొచ్చి చూపిస్తారు. ఈ దవడ పండ్లు మాత్రం పాల పండ్ల వరుస వెనక, ఖాళీ చిగురులోంచి వస్తాయి. వాటి కోసం ఏ పన్నూ ఊడదు కాబట్టి అవి కూడా పాల పండ్లేనని తల్లిదండ్రులు అనుకుంటారు. రెండేండ్లకు నల్లగీత పడి, ఆ తర్వాత గుంత కనిపించినా ‘ఊడిపోయేదే కదా’ అని వదిలేస్తారు. నిజానికి ముసలితనం దాకా అన్నం నమలాల్సిన పండ్లు అవే. పన్నెండేండ్లప్పుడు వాటి వెనక మరో నాలుగు వస్తాయి. పిల్లల శాశ్వత దంతాల్లో పుచ్చు ఎక్కువగా పట్టేది ఈ ఎనిమిదింటికే. వాటిని కాపాడే సులువైన పద్ధతి దశాబ్దాలుగా ఉంది. మన సర్కారు బడుల దాకా రానిది అదే.

దేశవ్యాప్త దంత ఆరోగ్య సర్వే ఒకటి 2002–03లో జరిగింది. పన్నెండేండ్ల పిల్లల్లో 53.8 శాతం మందికి, పదిహేనేండ్ల వారిలో 63.1 శాతం మందికి పుచ్చు పండ్లు ఉన్నట్టు అందులో తేలింది. ఐదు, పది రూపాయల చాక్లెట్లు, క్రీము బిస్కెట్లు, రంగునీళ్లు పల్లె కిరాణా కొట్లను ఇప్పటిలా నింపేయకముందు లెక్క అది. ఇవాళ పెద్దపల్లి జిల్లా మంథనిలో గానీ, ముత్తారం, కమాన్‌పూర్, రామగిరి మండలాల్లో గానీ బడి పక్క దుకాణం ముందు నిలబడి చూస్తే చాలు, పిల్లల చేతుల్లో ఏముంటున్నదో తెలుస్తుంది. పంటికి పట్టే పాచిలోని సూక్ష్మజీవులు చక్కెరను తిని ఆమ్లం వదులుతాయి. ఆ ఆమ్లమే పంటి పైపొరను కరిగిస్తుంది. ఎంత తీపి తిన్నారన్నదానికంటే రోజుకు ఎన్నిసార్లు తిన్నారన్నదే ఎక్కువ చేటు చేస్తుంది.

దవడ పన్ను నమిలే భాగం చదునుగా ఉండదు. దాని మీద సన్నని గాడులు ఉంటాయి. వాటిలో చాలావరకు బ్రష్ పోగు కంటే సన్నవి. తల్లి దగ్గరుండి తోమించినా ఆ గాడిలో ఇరుక్కున్న బిస్కెట్ పిండి బయటికి రాదు. బాగా తోమే పిల్లలకూ దవడ పండ్లు పుచ్చడానికి ఇదొక ముఖ్య కారణం. కాబట్టి తప్పంతా పిల్లల సోమరితనానిదేనని తిట్టడం అన్యాయం.

ఆ గాడులను ముందే మూసేసే పూతను సీలెంట్ అంటారు. పన్ను శుభ్రం చేసి, ఫాస్ఫారిక్ ఆమ్లపు జెల్ రాసి, అర నిమిషం లోపే కడిగేస్తారు. ఆరబెడితే అక్కడ పన్ను సుద్దముక్కలా తెల్లబడుతుంది. దాని మీద పలుచని రెజిన్ పోస్తే గాడుల్లోకి దిగుతుంది. నీలికాంతి చూపిస్తే కొన్ని సెకన్లలో గట్టిపడుతుంది. సూది లేదు, డ్రిల్లింగ్ లేదు, నొప్పి లేదు. ఆమ్లంతో పన్నును గరుకు చేసి అంటించే ఈ కిటుకును అమెరికా దంత వైద్యుడు మైఖేల్ బ్యూనోకోర్ 1955లోనే ప్రకటించారు. దవడ పండ్లలో వచ్చే పుచ్చును సీలెంట్లు రెండేండ్ల పాటు 80 శాతం, నాలుగేండ్ల దాకా 50 శాతం అడ్డుకుంటాయని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో పేద పిల్లల బడులకే వెళ్లి వీటిని వేస్తారు.

దీనికి పరిమితులూ ఉన్నాయి. పూత ఊడిపోవచ్చు, అందుకే ఏడాదికోసారి చూడాలి. రెండు పండ్ల సందులో వచ్చే పుచ్చును ఇది ఆపదు. గుంత పడి లోతుకు పోయిన పంటికి పనికిరాదు, దానికి వేరే వైద్యం కావాలి. తెలంగాణకు సంబంధించి మరో సంగతి ఉంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి గారపట్టిన పంటి పైపొర ఆమ్లానికి తొందరగా లొంగదు. అలాంటి చోట ఆ జెల్‌ను ఇంకాస్త ఎక్కువ సేపు ఉంచాల్సి వస్తుంది.

ఫ్లోరైడ్ మాట వస్తే మన తల్లిదండ్రులకు నల్లగొండలో వంగిపోయిన నడుములే గుర్తొస్తాయి. ఆ భయం న్యాయమైనదే. కానీ ఏండ్ల తరబడి నీళ్లతో ఒంట్లోకి పోయే ఫ్లోరైడ్ వేరు, పంటికి రాసి ఉమ్మేసే పేస్టులోది వేరు. మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేండ్ల దాకా బఠాణీ గింజంత పేస్టు చాలు. ప్రకటనల్లోలా బ్రష్ నిండా పెట్టొద్దు.

ఇప్పుడు ఖర్చు సంగతి. ప్రైవేటు క్లినిక్‌లో సీలెంట్‌కు పంటికి వందల్లో అవుతుంది. పుచ్చు నరం దాకా పోయి రూట్ కెనాల్, క్యాప్ వరకు వస్తే వేలల్లో. మంథని పల్లెల నుంచి పెద్దపల్లికో గోదావరిఖనికో, కాదంటే కరీంనగర్‌కో రెండు మూడుసార్లు తిరగాలి. మహాలక్ష్మి పథకం పుణ్యమా అని తల్లికి బస్సు టికెట్ ఖర్చు ఉండదు. ఆ రోజుల కూలి మాత్రం పోయినట్టే. అందుకే చాలా ఇండ్లలో లవంగం అదిమి, నొప్పి బిళ్ల మింగించి రోజులు నెట్టుకొస్తారు. చివరికి తొమ్మిది, పదేండ్లకే శాశ్వత దంతం పీకించేస్తారు. ఒక దవడ పన్ను పోతే పక్కవి ఒరుగుతాయి, నమలడం ఒకవైపుకు మారుతుంది. పంటి నొప్పితో రాత్రంతా నిద్రలేని పిల్ల తెల్లారి బడిలో ఏం చదువుతుంది?

పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు ఒకసారి ఆ బృందం రావాలి. అది చూడాల్సిన ముప్పై సమస్యల జాబితాలో పుచ్చు పండ్లూ ఉన్నాయి. అయితే బృందంలో ఉండేది ఆయుష్ డాక్టర్లు, ఫార్మసిస్టు, ఏఎన్‌ఎం. వాళ్లు నోరు తెరిపించి చూస్తారు, కార్డు మీద రాస్తారు, పెద్ద దవాఖానకు పొమ్మంటారు. పోగలిగినవాళ్లు పోతారు, మిగతావాళ్ల పన్ను పోతుంది. రోగాన్ని గుర్తించే దాకానే వచ్చి ఆగిపోయిన ఈ పథకాన్ని ఇంకొక్క అడుగు ముందుకు వేయించాలి. చేయాల్సింది అంతే.

ఆ అడుగుకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. గ్లాస్ అయనోమర్ అనే సిమెంటును పొడి, ద్రవం కలిపి అక్కడికక్కడే తయారుచేయొచ్చు. గాడిలో పెట్టి, వాజిలీన్ రాసిన వేలితో అదిమితే లోపలికి దిగుతుంది. కరెంటు అక్కర్లేదు. కొంచెం తడి ఉన్నా ఓర్చుకుంటుంది, పైగా ఫ్లోరైడ్ కూడా వదులుతుంది. రెజిన్ అంత గట్టిగా నిలవకపోయినా, సగమే మొలిచిన పంటికి ఇదే నయం. 1980ల నడుమ టాంజానియా పల్లెల్లో డ్రిల్లు లేకుండా మొదలైన వైద్యం దీని మీదే నడిచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ సిమెంటును అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. కావాల్సిందల్లా బృందంలో ఒక దంత వైద్యుడు. బీడీఎస్ పట్టా చేతపట్టుకొని సర్కారు పోస్టు కోసం ఎదురుచూసే యువతకు మన రాష్ట్రంలో కొదవ లేదు.

డబ్బు లేదనే మాట పెద్దపల్లి జిల్లాలో చెల్లదు. మంథని పక్కనే రామగిరి మండలంలో సింగరేణి బొగ్గు తవ్వుతోంది. 2015 చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధి తవ్వకాల ప్రభావం పడే ప్రాంతాల కోసమే. అందులో తాగునీరు, విద్యతో పాటు ఆరోగ్యం కూడా ప్రాధాన్య రంగమే. బొగ్గు దుమ్ము మింగే పల్లెల పిల్లల దవడ పండ్లు కాపాడటం ఆ నిధికి మోయలేని భారం కాదు.

పూత వేసే చోట్లూ సిద్ధంగానే ఉన్నాయి. మంథని ఎమ్మెల్యేగా గెలుస్తూ వచ్చిన పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. ఇవాళ రాష్ట్రంలో గురుకులాలు వెయ్యికి పైగా ఉన్నాయి. ఐదో తరగతిలో చేరిన పిల్లలు ఏండ్ల తరబడి ఒకే చోట ఉంటారు. పన్నెండేండ్ల దవడ పండ్లు వచ్చేది అక్కడున్నప్పుడే. పూత వేయడానికి, ఏడాది తర్వాత నిలిచిందా ఊడిందా చూడటానికి అంతకంటే అనువైన చోటు దొరకదు. ఆరేండ్ల పండ్లకు ఒకటి, రెండు తరగతుల పిల్లలను ప్రాథమిక బడుల్లో పట్టుకోవాలి. ప్రైవేటు బడులు ఈ పరీక్షల పథకం పరిధిలోకి రావు. వాటిలో చదివే కూలీల పిల్లలను మంథని ప్రభుత్వ దవాఖానలో వారానికి ఒక రోజు చూసినా సరిపోతుంది.

జిల్లా కలెక్టర్, వైద్యారోగ్య శాఖ కలిసి వచ్చే విద్యా సంవత్సరంలో మంథని డివిజన్ బడులతో దీన్ని మొదలుపెట్టాలి. అప్పటిదాకా ఆరేడేండ్ల బిడ్డ ఉన్న ప్రతి తల్లీ తండ్రీ ఒకసారి వెలుతురులో బిడ్డ నోరు తెరిపించి, వరుస చివరి పన్ను చూడండి. గాడి ఇంకా శుభ్రంగా ఉంటే సీలెంట్ వేయమని దంత వైద్యుడిని అడగండి.