రూపాయికి ఎనిమిది పైసలు

పన్ను కట్టుటకు నవ్వుమొగముతో పోయిన గృహస్థును నేనింతవరకు చూడలేదు. పెండ్లిపందిరికి లక్షలు ధారపోయువాడు సైతము ఇంటిపన్ను కాగితము వచ్చిననాడు కండ్లజోడు తుడుచుకొని ప్రతి అంకెను రెండుమారులు చదువును. ఇది మానవస్వభావము, దీనిని నిందించి ప్రయోజనము లేదు. కాని అంకెలన్నింటిని చదువువాడు వాని ప్రక్కనున్న మాటలను కూడ చదువునా అన్నదే నా సందేహము.

హైదరాబాదు నగరమున ఏప్రిల్ నెలలో ఆస్తిపన్ను ముందుగా చెల్లించినవారికి నూటికి ఐదు రూపాయలు తగ్గించు పద్ధతి కొన్నేండ్లుగా నడచుచు వచ్చినది. ఆ నెలలో చిక్కడపల్లి వీధులలో ఏ ఇద్దరు పెద్దమనుష్యులు కలిసినను సంభాషణ కూరగాయల ధరతో మొదలై పన్నుతో ముగియును. అట్టి ఒక ఉదయమున అశోక్ నగర్‌లోని మిత్రుని ఇంటికి పోయితిని. ఆయన ముప్పది సంవత్సరములు గణితము బోధించి విశ్రాంతి తీసికొన్న ఉపాధ్యాయుడు. క్రింద తానుండి, మీది గదిని పోటీపరీక్షలకు చదువుకొను ఇద్దరు యువకులకు అద్దెకిచ్చెను. నన్ను చూడగనే కాగితము నా చేతిలో పెట్టి యిట్లనెను:

"చూడండి, మూడు వేల పన్ను. దానిమీద ఇంకో రెండు వందల నలభై. ఇదేమిటయ్యా అంటే గ్రంథాలయ సుంకమట! నేను లైబ్రరీ గడప తొక్కి ఇరవై ఏళ్లయింది. నాకెందుకండీ ఇది?"

నేను బదులు చెప్పకమునుపే మీదిగది యువకుడొకడు భుజమున సంచి తగిలించుకొని మెట్లు దిగి వచ్చెను.

"ఏమోయ్, ఇంత పొద్దున్నే ఎక్కడికి?"

"లైబ్రరీకి సార్. ఇప్పుడు పోకుంటే కుర్చీ దొరకది."

"గది ఉందిగా? కుర్చీ కోసం అంత దూరం ఎందుకు?"

"గదిలో చదువు సాగది సార్. ఫోన్లు మోగుతనే ఉంటయి. అక్కడ అందరు చదువుతుంటరు కాబట్టి మనకు కూడ చదవబుద్ధయితది."

మిత్రుడు కొంతసేపు ఊరకుండి కాగితము వంక చూచెను. "అయితే ఈ రెండు వందల నలభై నీ కుర్చీకేనన్నమాట!"

"మీరు కట్టింది అక్కడికి వస్తదా సార్? నాకు తెల్వదు."

మా మిత్రునకును తెలియదు; నాకును తెలియదు. ఈ వ్యాసమునకు మూలము ఆ ముగ్గురి అజ్ఞానమే.

గ్రంథాలయములకై ప్రత్యేకముగ సుంకము విధించు ఆలోచన మనకు క్రొత్తది కాదు. 1948లో మద్రాసు రాష్ట్రము గ్రంథాలయ శాసనము చేసినది. దాని వెనుకనున్న కృషి ఎస్. ఆర్. రంగనాథన్‌ది. 1955లో హైదరాబాదు రాష్ట్రమును అట్టి శాసనమే చేసినది. 1960లో ఆంధ్రప్రదేశ్ అంతటికిని ఒక్క గ్రంథాలయ శాసనము వచ్చినది. ఆస్తిపన్నులో ప్రతి రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయములకని వసూలు చేయుట ఆ ఏర్పాటులోనిదే. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయము వంటివి నడచుటకు ఆధారము ఈ సుంకము. మా మిత్రుని లెక్క సరియైనదే: మూడు వేలకు రెండు వందల నలుబది, నెలకు ఇరువది రూపాయలు, ఈ నగరమున ఒక్క ఇరానీ చాయి వెల.

ఈ వెలకు విసుగుకొనుట మనవారికి మాత్రమే కలిగిన గుణము కాదు. 1850లో బ్రిటిషు పార్లమెంటు పట్టణ గ్రంథాలయ శాసనము చేసినపుడు, పౌండుకు అర పెన్నీకి మించి పన్ను వేయరాదనియు, అదియైనను పన్ను కట్టువారి ఓటులో మూడింట రెండువంతులు అనుకూలమైనగాని వేయరాదనియు నియమించెను. ఆ అర పెన్నీతో భవనము కట్టవచ్చును, జీతములియ్యవచ్చును. పుస్తకములు మాత్రము కొనరాదు! ఐదేండ్ల పిదప అర పెన్నీ ఒక పెన్నీ అయినది. పుస్తకములు కొనుటకును అనుమతి దొరకినది. ఆ ఒక పెన్నీ హద్దు 1919 వరకు తొలగలేదు.

ఆ దేశమున పన్నుమీది కోపము నేటికిని చల్లారలేదు. 1989లో స్కాట్లండునందును, 1990లో ఇంగ్లండు, వేల్సులయందును మార్గరెట్ థాచర్ ప్రభుత్వము తలపన్ను వంటి పురపాలక సుంకమును ప్రవేశపెట్టెను. ఒక్క ఊరిలో మేడలోని ధనికుడును, గుడిసెలోని కూలియు ఇంచుమించు ఒకే మొత్తము కట్టవలసి వచ్చెను. 1990 మార్చి 31న లండను నగరమున పెద్ద అల్లరులు జరిగెను. ఆ సంవత్సరము నవంబరులో ఆమె పదవి వీడుటకు గల కారణములలో ఇదియు ఒకటి. 1993లో ఆ పన్ను రద్దయి వేరొక పన్ను వచ్చినది. ఇటీవలి మాట చెప్పవలెనన్న, 2023 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ నగరసభ తన ఆదాయము వ్యయమునకు చాలదని ప్రకటించెను. మరుసటి యేడు పన్ను నూటికి దాదాపు పది వంతులు పెంచెను. అదే సమయమున గ్రంథాలయములతో సహా సేవలను కుదించెను. దేశమంతటను స్థితి యిట్టిదే: పన్నుల భారము యుద్ధానంతర కాలమున ఎన్నడు లేనంత ఎత్తునకు పోవుచుండగా, ప్రభుత్వాసుపత్రులలో చికిత్సకై వేచియున్నవారి పట్టిక 70 లక్షలు దాటెను. 2024 జూలైలో ఓటర్లు పదునాలుగేండ్ల పాలనను మార్చివైచిరి.

ఇందలి నీతిని గమనింపవలెను. తలపన్నుపై ప్రజలు కోపించినది అది పన్నైనందుకు కాదు, అన్యాయమైనందుకు. బర్మింగ్‌హామ్ వాసి విసుగుకొన్నది ఎక్కువ కట్టుచు తక్కువ పొందినందుకు. ఎంత తీసికొనుచున్నారన్నది మొదటి ప్రశ్నయే. కాని గుండెలో ముల్లువలె నాటుకొనునది రెండవ ప్రశ్న: ఎక్కడికి పోవుచున్నది?

మన నగరమునకు వత్తము. 2016 ఫిబ్రవరి పురపాలక ఎన్నికలకు ముందు, సాలునకు 1,200 రూపాయలలోపు పన్ను గల ఇండ్లకు 101 రూపాయలు కట్టిన చాలునని ప్రభుత్వము ఉత్తరువు చేసెను. 2020 అక్టోబరులో వరదలు వచ్చెను. నవంబరులో దీపావళినాడు 15,000 రూపాయలలోపు ఇంటిపన్నులో సగము మినహాయింపు ప్రకటితమయ్యెను. డిసెంబరు 1న ఎన్నిక జరిగెను. ఆ ఎన్నికల ప్రచారములోనే నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటి వాగ్దానమును వెలువడెను. పేదవాని చిన్న ఇంటికి పన్ను తగ్గించుట ధర్మమే. వరదలో మునిగినవానికి ఊరటనిచ్చుటయు ధర్మమే. కాని ధర్మము ఎన్నికల పంచాంగము చూచి ముహూర్తము పెట్టుకొన్నదన్న, ఓటరునకు సందేహము కలుగుట సహజము. ఇచ్చిన చేయి రేపు దేనిని తగ్గించి ఈ లోటును పూడ్చునో ఎవ్వరును చెప్పలేదు. ఓటరును అడుగలేదు. అడుగుట మాట అటుంచి, ఆ రెండు ఎన్నికలలోను ఓటు వేసినవారు నూటికి ఏబదిమందియైన లేరు. పన్ను కట్టుటకు వరుసలో నిలుచుండు మనము ఓటు వేయుటకు నిలువము. తక్కువ పన్ను, ఎక్కువ సేవ, రెండును ఒక్కనాడే కావలెనందుము. తప్పు మనయందును కలదు.

తెలుగువాడు పిసినారి కనుక పన్నుకు విసుగుకొనునందురా? హైదరాబాదు చరిత్ర ఆ మాటను ఒప్పుకొనదు. 1901లో, శాసనమును సుంకమును లేని కాలమున, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మున్నగువారు పూనుకొని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. 1928లో మాడపాటి హనుమంతరావు తోడ్పాటుతో తెలుగు బాలికల పాఠశాల వెలసినది; నారాయణగూడలో ఆయన పేరు ఈనాటికిని ఆ పాఠశాలకు నిలిచియున్నది. ఇవి చందాలతోను విరాళములతోను బ్రతికిన సంస్థలు. ఇచ్చినవారు తమ రూపాయి పుస్తకమగుటను, పలకయగుటను కన్నులార చూచిరి. కనుకనే మరల ఇచ్చిరి.

ఎనిమిది పైసల కథలో లోపించినది ఆ కనుచూపే. నగరపాలక సంస్థ వసూలు చేసిన గ్రంథాలయ సుంకము గ్రంథాలయ సంస్థకు సకాలమున చేరక బకాయిలు పేరుకొనుచున్నవని పత్రికలలో ఏండ్ల తరబడి వార్తలు వచ్చుచునే యున్నవి. గృహస్థు ఆలస్యము చేసిన నెలకు నూటికి రెండు రూపాయల చొప్పున వడ్డీ పడును. అతడు కట్టిన సుంకము గ్రంథాలయమును చేరుటలో ఆలస్యమైన, ఆ వడ్డీ ఎవరు కట్టవలెను?

దీనికొక సమాధానము కలదు. దానిని వినకుండుట న్యాయము కాదు. నగరమునకు వందల పనులు: పారిశుద్ధ్య కార్మికుల జీతములు, వానకాలపు మురుగుకాల్వలు, దీపములు, రహదారులు. ఖజానాలో చాలినంత లేనపుడు అత్యవసరమైనదానికి ముందు వ్యయము చేయుట లోకరీతి గదా యందురు. ఇంటి యజమాని సొంత సొమ్మునకు ఈ న్యాయము వర్తించును. పేరుపెట్టి తీసికొన్న సొమ్మునకు వర్తింపదు. ఒక ఉపాధ్యాయుడు విహారయాత్రకని పిల్లలవద్ద తలకొక వంద రూపాయలు వసూలు చేసెననుకొందము. పాఠశాల గోడ పగిలినది. ఆ సొమ్ముతో బాగుచేయించెను. గోడ అవసరమే, ఉపాధ్యాయుడు తినలేదు. అయినను మరుసటి యేడు ఆయన చేయి చాచినపుడు ఏ పిల్లవాడైన సంతోషముతో ఇచ్చునా? సొమ్ము పోలేదు, నమ్మకము పోయినది. రాజ్యమునకు రెండవది మొదటిదానికంటె ఖరీదైనది.

ఈ నష్టము ఎవరిమీద పడునో చూడవలెనన్న చిక్కడపల్లి దాక నడచిన చాలును. తెలంగాణ నలుమూలలనుండి వచ్చిన యువకులు ఉద్యోగ పరీక్షలకై అశోక్ నగర్‌లో గదులు పట్టి ఏండ్ల తరబడి చదువుచున్నారు. 2023 నవంబరులో, శాసనసభ ఎన్నికల వేళ, రాహుల్ గాంధీ అంతటివాడు ఇచ్చటికి వచ్చి వారితో ముచ్చటించెను. 2024 అక్టోబరులో గ్రూప్-1 ప్రధాన పరీక్షలను వాయిదా వేయుమని వారు ఇవే వీధులలో ఆందోళన చేసిరి. ప్రభుత్వమెవరిదైనను వారి ఆశను ఓటుగా లెక్కించిరి. ఆ ఆశకు కావలసిన బల్ల, దీపము, పుస్తకము, మంచినీరు అను చిన్న లెక్కను అంత శ్రద్ధగ చూచినవారు తక్కువ. ఈ యువకులు పన్ను కట్టనివారని అనుకొనరాదు. గది అద్దెలో ఇంటిపన్ను దాగియున్నది. కొన్న సబ్బుబిళ్లలో వస్తుసేవల పన్ను దాగియున్నది. మా మిత్రుని రెండు వందల నలుబదిలో కొంత ఆ సంచి తగిలించుకొన్న కుఱ్ఱవాని తండ్రి పొలమునుండి వచ్చినదే.

కనుక పన్ను తగ్గింపుమని నేను వ్రాయుటలేదు, పెంచుమనియు అనుటలేదు. నేనడుగునది కాగితపు వెనుకవైపు. పన్ను కాగితము వెనుక నాలుగు వాక్యములు అచ్చువేయుడు: నిరుడు గ్రంథాలయ సుంకముగ వసూలైనదెంత, గ్రంథాలయ సంస్థకు చేర్చినదెంత, మిగిలిన బకాయి ఎంత, ఏనాటికి చెల్లింతురు. గ్రంథాలయపు గుమ్మమున ఆ లెక్కనే పలకమీద వ్రాయించుడు. దీనికి క్రొత్త శాసనము అక్కరలేదు, సుద్దముక్క చాలును.

ఉపాధ్యాయులొక పని చేయవచ్చును. శాతములు బోధించునపుడు లాభనష్టముల వ్యాపారి నొక్కనాడు ప్రక్కకు పెట్టి, పిల్లలచేత ఇంటినుండి పన్ను కాగితము తెప్పించి ఎనిమిది పైసల లెక్క కట్టింపుడు. ఆ వచ్చిన మొత్తమునకు ఏమి కావలెనో వారినే అడుగుడు. పది సంవత్సరములలో వారు ఓటర్లగుదురు. లెక్క అడుగుట నేర్చిన ఓటరు ఉచితమునకు మురియడు, పన్నుకు ఉడుకడు.

మొన్న మా మిత్రుడు మరల కనబడెను. పన్ను కట్టివేసినాడట. "ఇరవై ఏళ్ల తర్వాత లైబ్రరీకి వెళ్లానండీ. మా కుర్రాడు కూర్చునే చోటు చూద్దామని," అనెను. కుర్చీ దొరకినదా యని నేనడిగితిని.

"లేదు. నిలబడే పత్రిక చదివి వచ్చాను. రేపు ఇంకాస్త పెందలాడే వెళ్తాను."